నాన్న పుస్తకంలోని కట్లపాము

నేను వెళ్ళొచ్చిన చోటు దూరమేమీ కాదు. రాయదుర్గం మెట్రో దిగి ఉత్తరానికి తిరిగి నిలబడితే గాజు భవనాల సందుల్లోంచి ఆ దిక్కు కనిపిస్తుంది. ముందు బోరబండ, ఆ పైన ప్రగతి నగర్. కారులో అయితే గంటలో చుట్టి రావచ్చు. నాకు నాలుగు రోజులు పట్టింది. నేను వెళ్ళింది పాముల్ని చూడడానికి. పాములు మన తీరిక చూసుకుని కనిపించవు.

ఎందుకు వెళ్ళానో ముందే చెబుతాను. ఈ గాజు భవనాల కింద ఉన్న నేలలో కొంత ఒకప్పుడు మా కుటుంబానిది. జాలి కోసం ఈ మాట అనడం లేదు. కొంత చట్టం తీసుకుంది, కొంత కోర్టులు తిన్నాయి, మిగిలింది మా చిన్నాన్నలు అమ్ముకున్నారు. నాకు దక్కినవి కొండాపూర్‌లో రెండు గదుల ఫ్లాటు, హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసిన పింఛను, ఎర్రగుడ్డ అట్ట వేసిన నాన్న పాముల పుస్తకం.

మా ఇంట్లో పాముకాటుకు మంత్రం, మందు ఉండేవి. ఏ కులం వాళ్ళు వచ్చినా, ఎంగిలి చేత్తోనైనా లేచి వెళ్ళాలన్నది మా ఇంటి నియమం. ప్రతిఫలంగా తమలపాకు కూడా తీసుకునేవారు కాదు. కరిచిన పామును చంపి వెంట తెచ్చేవాళ్ళు. నాన్న దాన్ని అరుగు మీద చాచి, పుస్తకంలో ఎడమ పేజీలో పాము రూపం, కుడి పేజీలో మనిషి పేరు, ఏమైందన్నది రాసేవారు. కట్లపాము పేరు కింద పదకొండు మంది ఉన్నారు. పదకొండు మందీ బతికారు. భూములు పోయాక మేము తలెత్తుకు తిరిగింది ఆ పదకొండు పేర్ల వల్లనే.

ఐటీ కంపెనీల్లో పనిచేస్తూ పాముల్ని కాపాడే పిల్లల బృందం ఒకటుంది. నగరానికి ఈ ఉత్తరపు వైపు దొరికే పాముల మీద వాళ్ళు చిన్న పుస్తకం వేస్తున్నారు. నాన్న రాతల్ని అందులో చేరుస్తామన్నారు. రాసింది నిజం పాములతో సరిపోలితే మొదటి పేజీలో నాన్న పేరు వేస్తామన్నారు. మా ఇంటి పేరు మీద ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఒక రాయి కూడా లేదు. ఆ పేరు అచ్చులో చూడాలనిపించింది. సరిపోల్చి చూడడానికి తోడుగా నర్సింగ్‌ను పంపారు.

రాయదుర్గం: బేస్‌మెంట్‌లో జెర్రిపోతు

నర్సింగ్‌కు నలభై అయిదేళ్ళు ఉంటాయి. రాయదుర్గంలో ఒక భవనానికి సెక్యూరిటీ సూపర్‌వైజర్. పాము వస్తే టోపీ తీసి పక్కన పెట్టి, కొక్కెం కర్ర, గుడ్డ సంచి పట్టుకుంటాడు. నన్ను చూడగానే "దొరసానమ్మా" అన్నాడు. ఆ పిలుపు విని చాలా ఏళ్ళయింది. పుస్తకం అతని చేతికిచ్చాను. చాయ్ తాగినంత సేపూ తిరగేసి, చివరి పేజీ దగ్గర కొంచెం ఆగి, మూసి రెండు చేతులతో తిరిగిచ్చాడు.

లోపలి ఫుడ్‌కోర్టులో చాయ్ అరవై రూపాయలు. గేటు బయట బండి మీద పదిహేను. మా ఇంట్లో వీధిలో నిలబడి తాగే అలవాటు లేదు. ఆ రోజు నిలబడే తాగాను. బాగుంది.

మొదటి పాము మా కోసం కాచుకున్నట్టే దొరికింది. మూడో బేస్‌మెంట్‌లో పంపుల గది వెనక ఉందని ఫోను. మేము వెళ్ళేసరికి ముప్పై మంది ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. మా ఇంట్లో పాము కనిపిస్తే పసుపునీళ్ళు చల్లి, దారి వదిలి, దణ్ణం పెట్టేవాళ్ళం. ఇక్కడ ముందు టికెట్ రెయిజ్ చేస్తారట. పాము ఉన్నట్టు కంప్యూటర్‌లో ఒప్పుకున్నాక గాని మనిషి కదలడు.

"కోబ్రా, నర్సింగ్! పడగ కూడా చూశారంట మా టీమ్ వాళ్ళు," అన్నాడు మేనేజర్.

"పడగ లేదు, ఏం లేదు సార్. జెర్రిపోతు. ఎలుకల కోసం వచ్చింది. మీ క్యాంటీన్ ఎనక ఎలుకలున్నయి గదా?"

"క్యాంటీన్ సంగతి ఇక్కడొద్దు," అని మేనేజర్ గొంతు తగ్గించాడు.

నర్సింగ్ నన్ను దగ్గరికి పిలిచి చూపించాడు. నాగుపాముకు పడగ విప్పనప్పుడు తల, మెడ ఒక్కటిగా ఉంటాయి. జెర్రిపోతుకు మెడ సన్నగా విడిగా తెలుస్తుంది, కన్ను పెద్దది. నేను పుస్తకం తీశాను. నాన్న రాత: "జెర్రిపోతు. పెదవుల మీద సిరా గీతల వంటి నల్లని గీతలు. ఆవు పొదుగు నుంచి పాలు తాగునని లోకులు అందురు. మూడు నెలలు కొట్టంలో కూర్చుండి చూచితిని. తాగదు."

"మూడు నెలలా?" నర్సింగ్ నవ్వాడు. "దొరగారికి ఓపిక శానా ఉండె."

ఆ నల్ల గీతలు పాము పెదవుల మీద ఉన్నాయి. నాన్న కళ్ళతో ఒక పామును చూసినట్టయింది. నా పక్కనున్న అమ్మాయి, మెళ్ళో కార్డు వేసుకున్న పిల్ల, "ఆంటీ, మీరు స్నేక్ ఎక్స్‌పర్టా?" అని అడిగింది.

"కాదమ్మా. ఇక్కడ మా మామిడితోట ఉండేది."

"ఇక్కడంటే, బీ త్రీ లోనా?" అంది నిజంగానే ఆశ్చర్యపోతూ.

కోపం రాలేదు. పంపులు తోడిపోస్తున్న ఊటనీరు మా తోటబావిదే అయి ఉంటుందనుకున్నాను. జెర్రిపోతు సంచిలో కదులుతుంటే, నాన్న పేరు సగం అచ్చయినట్టే అనిపించింది.

బోరబండ: మీటరు డబ్బాలో

రెండో రోజు నర్సింగ్‌తో కలిసి హైటెక్ సిటీ స్టేషన్ నుంచి బోరబండకు లోకల్ రైలు. ఒక్క స్టేషనే. టికెట్టు ఐదు రూపాయలు. ఇంత కాలం ఈ ఊళ్ళో ఉండి నేను ఎక్కని రైలు అది. కిటికీలోంచి ఒక పక్క అద్దాల మేడలు, ఇంకో పక్క రేకుల కప్పుల మీద ఆరేసిన చీరలు.

నర్సింగ్ కిరాయి ఇల్లు స్టేషనుకు దగ్గర. వాళ్ళ సందులోకి అడుగుపెట్టగానే ఒకావిడ చీపురు పట్టుకుని ఎదురొచ్చింది.

"నర్సన్నా, జర జల్ది రా! మీటరు డబ్బల కట్లపాము! మా ఆయన పరేషాన్ అయితుండు, కరెంటు బిల్లు సూద్దామని డబ్బ తీసిండు."

డబ్బాలో మూరెడు పాము. ముక్కుపొడి రంగు, అడ్డంగా తెల్లని కట్లు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. నర్సింగ్ కొక్కెంతో దించి, సిమెంటు గచ్చు మీద వదిలాడు.

"గిది కట్లపాము గాదమ్మా. దీనికి మన దగ్గర వేరే పేరే లేదు, అందరు కట్లపామనే అంటరు. నేనైతే బల్లిపాము అంట, బల్లుల్ని తింటది గదా. ఇసం లేదు. సూడుండ్రి, కట్లు మెడ కాడినుంచే మొదలైతయి, తోక దిక్కు పోంగ పోంగ చెరిగిపోతయి. అసలు కట్లపాముకు ఉల్టా. మెడ దగ్గర ఏముండది, తోక దిక్కు సాఫ్‌గ కనవడ్తయి."

నేను పుస్తకం తెరిచాను. చదవకముందే తెలిసిపోయింది. నాన్న రాత: "కట్లపాము. ముక్కుపొడి వర్ణము. కట్లు మెడనుంచి మొదలై తోక వద్ద మాసిపోవును. గోడలెక్కును. కడుపు కోసి చూడగా బల్లి." కుడి పేజీలో పదకొండు పేర్లు. బతికినవాళ్ళు.

వాళ్ళని నాన్న బతికించలేదు. వాళ్ళు చావవలసిన వాళ్ళే కాదు.

నర్సింగ్ పామును సంచిలో వేస్తూ నా వైపు చూడలేదు. "అన్నం తిని పోదురు, మా అమ్మ ఎదురుచూస్తున్నది," అన్నాడు.

ఒకే గది, ముందు వసారా. ఉన్న ఒక్క కుర్చీ నాకు వేశారు. జొన్నరొట్టె, గంగవాయిలి పప్పు, పచ్చిపులుసు. నర్సింగ్ తల్లికి డెబ్బై ఉంటాయి. రొట్టె నా పళ్ళెంలో వేసి, నేల మీద చాప పరుచుకుని కూర్చుని, నన్ను తేరిపార చూసింది.

"గుర్తువట్టలేదా దొరసాని? బాలమణిని. మీ తోటల కలుపు తీసిన బాలమణిని."

ఆ పేరు నాకు తెలుసు. నాన్న పుస్తకంలో చివరి పేజీలో ఉన్న పేరు. "బాలమణి బిడ్డ" అని.

"నాకైతే నువ్వు మంచిగ యాదికున్నవు," అంది. "రెండు జడలుండె నీకు. యాపకొమ్మ తెచ్చిచ్చింది నువ్వే."

వేపాకు సంగతి చదివేవాళ్ళకు చెప్పాలి. పాము కరిచినవాళ్ళకు మా ఇంట్లో ముందు వేపాకు నమిలించేవారు. చేదు తెలియకపోతే విషం ఎక్కినట్టు. చేదు తెలిస్తే భయం లేదని ఇంటికి పంపేవారు. కొమ్మ విరిచి తేవడం నా పని.

"నా బిడ్డ నమిలి 'చేదే అమ్మా' అన్నది," బాలమణి మామూలుగా, వానల గురించి చెప్పినట్టు చెప్పింది. "మీ నాయిన 'ఇసం లేదు, తోల్కపో' అన్నడు. తెల్లారకముందే పాయె. ఈడు గప్పుడు కడుపుల ఉన్నడు."

అప్పుడు నేను చేసింది రాయకపోతే ఈ యాత్ర రాయడం దండగ. నడుం నిటారుగా పెట్టి, పుస్తకం తెరిచి, ఆ పేజీ మీద వేలు పెట్టాను.

"మా నాన్న ఆ పామును కళ్ళతో చూసి విషం లేనిదని రాశారు. ఇదిగో, ఇక్కడే ఉంది. మీ బిడ్డ మరేదో జ్వరంతో పోయి ఉంటుంది."

నర్సింగ్ పళ్ళెం కింద పెట్టాడు. బాలమణి అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఏమో బిడ్డా. సదువుకున్నోళ్ళు, మీకే ఎర్క. రొట్టె సల్లారుతున్నది, తిను."

తినలేకపోయాను. మా ఇంట్లో విస్తరిలో మెతుకు వదలడం తప్పు. ఆ రోజు సగం రొట్టె వదిలి లేచాను.

ప్రగతి నగర్: చెరువు ఒడ్డున

మర్నాడు రానని ఫోను చేద్దామనుకున్నాను. కాని మాట ఇచ్చి తప్పడం మా ఇంట లేదు. ఆ అలవాటు ఒక్కటైనా ఆ రోజు పనికొచ్చింది. నర్సింగ్ నిజాంపేట్ దగ్గర ఎదురొచ్చాడు. నిన్నటి మాట ఎత్తలేదు. "జర పైలం అమ్మా, ఒడ్డు జారుతది," అన్నాడు అంతే.

నేను జారలేదు గాని చెప్పు తెగింది. నర్సింగ్ తన సంచి తాడు కొంచెం కోసి కట్టాడు. ఆ తాడు చెప్పుతోనే రోజంతా నడిచాను. సాయంత్రం కుట్టించడానికి ముప్పై రూపాయలయింది. కుట్టినాయన "ఏం తాడమ్మా ఇది, శాన గట్టిగున్నది," అని మెచ్చుకుంటే, పాముల సంచిదని చెప్పాను. అతను తాడును కాలితో దూరంగా నెట్టాడు.

చెరువులో నీరుకట్టు పాము చేపను అడ్డంగా పట్టుకుని ఈదుతోంది. ఒంటి మీద చదరంగం గళ్ళు. "కోపిష్ఠిది. కరచును. కరచినను పసుపు చాలును" అని నాన్న రాత. నర్సింగ్ తల ఊపాడు. "సరిగ్గనే రాసిండు. కడుక్కుంటే సాలు." కంపచెట్టు మీద పసిరిక పాము, లేత కొమ్మలా ఊగుతూ. అదీ సరిపోయింది. ఒక్కొక్కటీ సరిపోతుంటే నాకు ఏడుపు వచ్చింది. ఇంత బాగా చూడగలిగిన మనిషి.

పదకొండు గంటలకు దగ్గర్లోని ఒక అపార్ట్‌మెంట్ నుంచి ఫోను వచ్చింది. గేటు దగ్గర ఒకావిడ, నా వయసే, చీపురుకట్టతో నిలబడి ఉంది.

"రండండీ, మాది భీమవరం దగ్గరండి. ఇంత చిన్న పాముకు మిమ్మల్ని పిలవొద్దంటే మా వాచ్‌మన్ వినలేదండి. చీపురుతో తోసేద్దామనుకుంటున్నాను. మేము నాగులచవితికి పుట్టలో పాలు పోస్తామండి, చంపం. మీరు పంచమికి పోస్తారటగా?"

"పంచమికే," అన్నాను.

"అదే చూడండి, పాము ఒకటే, తిథి వేరు," అని నవ్వి, పేర్చి ఉన్న పాత టైల్స్ వైపు నడిచింది. అడుగు టైలు సందులో చుట్ట చుట్టుకుని, తల చుట్టల కింద దాచుకుని ఉంది పాము. నల్లగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. పగటిపూట మత్తుగా, వానపామంత మంచిదానిలా పడి ఉంది.

"విషం లేనిదే కదండీ? మెడ మీద చారలేమీ లేవు. కట్లపాముకైతే చారలుంటాయి కదా," అంటూ ఆవిడ చీపురుతో వంగింది.

"ఆగుండ్రి!" అన్నాడు నర్సింగ్. కాని ఆవిడ చెయ్యి పట్టి వెనక్కి లాగింది నేను. చివరి పేజీలో నాన్న రాసిన మాటే ఆవిడ అన్నది. అచ్చంగా అదే.

నర్సింగ్ కొక్కెంతో పామును మెల్లగా విప్పాడు. మెడ దగ్గర ఏమీ లేదు. నడుము దాటాక జంటజంటగా సన్నని తెల్ల గీతలు, తోక వైపు దారం కట్టినంత స్పష్టంగా. నేను పుస్తకంలో చివరి పేజీ తీసి పైకి చదివాను. చదవమని ఎవరూ అడగలేదు.

"కొత్త పాము. నల్లనిది. మెడ వద్ద కట్లు లేవు గనుక కట్లపాము కాదు. సన్నని తెల్ల గీతలు జంటలుగా తోక వైపు. వెన్ను నడుమ ఒక వరుస పొలుసులు తేనెపట్టు గదుల వలె పెద్దవి. విషము లేనిది. వేప చేదు తెలిసినది. ఇంటికి పంపితిని. బాలమణి బిడ్డ."

నర్సింగ్ కర్ర కొనతో వెన్ను చూపించాడు. నడిమి వరుసలో పెద్ద పొలుసులు, ఆరు మూలలవి. తేనెపట్టు గదులే.

"ఇది కట్లపామే," అన్నాను ఆవిడతో. "కరిస్తే నొప్పి కూడా ఉండదు. గంటల తర్వాత విషం ఎక్కుతుంది. వేప చేదు అప్పటిదాకా తెలుస్తూనే ఉంటుంది."

చివరి మాట ఆవిడకు అర్థం కాలేదు. నన్ను లోపలికి తీసుకెళ్ళి, స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చింది. "కూర్చోండి, కాసేపు కూర్చోండి," అంటూ ఫ్యాను నా వైపు తిప్పింది.

సంచి మూతి బిగించాక నర్సింగ్ చెట్టు కింద నిలబడ్డాడు. వెళ్ళి అడిగాను.

"నీకు ముందే తెలుసా?"

"మొదటి దినమే పుస్తకం ఇచ్చిన్రు గదమ్మా. ఆఖరి పేజీ సదివిన."

"మరెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు పుస్తకం మూసుకొని పోతురు. పామును సూస్తే మీరే చెప్తరనుకున్న." కొక్కెం కర్ర తుడుస్తూ, "నిన్న మీరన్న దానికి మస్తు కోపమొచ్చింది," అన్నాడు. "మా అమ్మ చెయ్యి ఏసింది గని."

మళ్ళీ బోరబండ

నాలుగో రోజు ఒక్కదాన్నే వెళ్ళాను. ఐదు రూపాయల టికెట్టు, అదే కిటికీ. ఒకరింటికి ఉత్త చేతులతో వెళ్ళకూడదంటారు. ఆ ఇంటికి ఏం తీసుకెళ్ళాలో ఎంత ఆలోచించినా తోచలేదు. పుస్తకం ఒక్కటే చంకన పెట్టుకున్నాను.

బాలమణి వసారాలో గంగవాయిలి కూర తెంపుతోంది. కుర్చీ కోసం లేవబోయింది. నేను చాప మీద కూర్చున్నాను. మోకాళ్ళు చాలా గొడవ చేశాయి.

"బాలమణక్కా, అది కట్లపామే. మా నాన్న తప్పు చూశారు. వేపకొమ్మ ఇచ్చింది నేను. మొన్న నీ ఇంట్లో కూర్చుని, నీ రొట్టె తింటూ, నీ బిడ్డ జ్వరంతో పోయిందన్నదీ నేనే."

ఆమె మిగిలిన ఆకులు తెంపింది. తెంపినవన్నీ గిన్నెలో వేశాక మాట్లాడింది.

"మూడోనాడు మీ నాయిన మా ఇంటికి నడిసొచ్చిండు. బండి లేదు, ఎంట మనిషి లేడు. వాకిట్ల ఎండల నిలవడ్డడు. కూసోమంటే కూసోలే. 'నాకు తెలువదు బాలమణీ, నాకు తెలువదు' అన్నడు. గంతే. నీళ్ళు తాగి పోయిండు. దొర నోట్లెంచి గా మాట నేనొక్కదాన్నే విన్ననేమో."

పుస్తకం అక్కడితో ఎందుకు ఆగిందో నాకు అప్పుడు తెలిసింది. భూములు పోయిన బాధతో నాన్న మంత్రం మానేశారని అనుకునేదాన్ని. ఆ తర్వాత ఉన్నన్నాళ్ళు, వానాకాలం వస్తే చాలు, మా వాకిట్లో ఎద్దుల బండి ఎప్పుడూ కట్టి సిద్ధంగా ఉండేది. ఎవరినైనా పాము కరిచిందంటే ఆకు లేదు, మంత్రం లేదు, పట్నం దవాఖానకే తోలేవారు. కట్టిన బండి దర్జా కోసమని, అన్నీ పోయినా నాన్నకు దర్జా పోలేదని, నేను లోలోపల మురిసేదాన్ని.

పెన్ను తీశాను. నాన్న రాతలో "విషము లేనిది" అన్న మాట కొట్టివేయలేదు. ఆ పేజీని ఉన్నది ఉన్నట్టే అచ్చు వేయాలి. అలా చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు, చీపురుతో వంగేవాళ్ళు ఉన్నారు. కింద నా చేతిరాతతో "ఇది కట్లపాము. మా నాన్న పొరబడ్డారు" అని రాశాను. ఆ పక్క పేజీలో "బాలమణి బిడ్డ" అని ఉన్న చోట ఆగాను.

"అక్కా, పాప పేరేమిటి?"

"రేణుక," అంది. "ఏడేండ్లు."

రాశాను. ఆమెకు చదువు రాదు. వేలితో ఆ అక్షరాలు తడిమి, ఇదేనా అన్నట్టు చూసింది. ఇదే అన్నాను.

"ఇంకా జాగ ఉన్నదా అండ్ల?"

"ఉంది."

"అయితే గిది గుడ రాయి. జామకాయలంటే దానికి పానం. మీ తోటల దొంగతనంగ తెంపేది. నువ్వు సూసి గుడ ఏమనకపోతుంటివంట. రెండు జడల అక్క మంచిదని నాతోటి చెప్పింది."

నాకు గుర్తు లేదు. ఎంత వెతుక్కున్నా ఆ పిల్ల ముఖం గుర్తు రాలేదు. చెప్పింది చెప్పినట్టే రాశాను. తర్వాత బాలమణక్క రొట్టె చేసింది, ఇద్దరం చాప మీదే తిన్నాం. ఈసారి ఏమీ వదల్లేదు.

పుస్తకం వేస్తున్న పిల్లలు మొన్న ఫోను చేశారు. కట్లపాము పేజీ చాలా ముఖ్యమైనదన్నారు. మొదటి పేజీలో నాన్న పేరు ఉంచమంటారా అని అడిగారు. ఆ పేరు కట్లపాము పేజీలోనే, రేణుక పేరు పక్కన వేస్తే చాలన్నాను. వాళ్ళు కాస్త సందేహించి, జామకాయల వాక్యానికి పాములతో సంబంధం లేదు కదా మేడమ్, తీసేయమంటారా అన్నారు.

అచ్చు వేయమన్నాను.